అయిపోని ఉగ్గాని పాఠం

తిమోతి సార్‌కు ఒకటే జబ్బు. అర్థశాస్త్రం నోటితో చెప్పలేడు, చేయించాల్సిందే. పుస్తకం తెరిచి ఒక పేరా చదివేవాడు. "ఏందబ్బా, తలకెక్కిందా? ఎక్కలేదు కదా, చేసి చూద్దాం పా" అనేవాడు. ఇక ఆ పూట ఆళ్లగడ్డ హైస్కూల్లో ఎవరికో ఒకరికి మూడినట్టే.

నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే కొత్త హెడ్‌మిస్ట్రెస్ ప్రసన్నకుమారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజే తన గదిలో కూర్చోబోయి, పడబోయి, గోడ పట్టుకుంది. కుర్చీ లేదు. స్టాఫ్ రూములో చూస్తే అక్కడా లేవు.

"కుర్చీలు యాడికి పోయినాయి?"

"పదో తరగతికి కొరత పాఠం జరుగుతాంది మేడం" అన్నాడు లెక్కల మాస్టారు మౌలా సాహెబ్, నిలబడే టీ తాగుతూ. ఆయనకు అలవాటైపోయింది.

గుత్తాధిపత్యం పాఠం నాడు బడిలోని సుద్దముక్కలన్నీ రెబెకా అనే పిల్ల చేతికి పోయాయి. "పాట పాడితేనే ముక్క సార్" అందా పిల్ల. చేసేదేముంది, మౌలా సాహెబ్ పాడాడు. ఆ గొంతు విని, ఎవరికో దెబ్బ తగిలిందనుకుని ప్రసన్నకుమారి పరుగెత్తుకొచ్చింది.

అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది ఉత్పత్తి పాఠాన్నే. బడి వదిలాక పదో తరగతికి ప్రత్యేక తరగతులు తిమోతి సారే తీసుకుంటాడు. ఒక సాయంత్రం ఆ గదిలోంచి తాలింపు ఘాటు వచ్చింది. ఆమె తలుపు తోసి చూసింది. బల్ల మీద స్టవ్. ఒక పిల్ల కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఎర్రగడ్డలు తరుగుతోంది, ఒకడు నానిన బొరుగులు పిండుతున్నాడు, ఇంకొకడు పప్పుల పొడి పట్టుకుని కాచుకున్నాడు.

"ఏందిది సార్?"

"శ్రమ విభజన మేడం. ఉగ్గాని ఉత్పత్తి."

"మరి ఆ ప్లేట్లు పట్టుకున్నోళ్లు?"

"వినియోగదారులు."

ఒకరోజు ముచ్చటేలే అనుకుంది. మర్నాడూ ఉత్పత్తే. దసరా సెలవులు అయిపోయి వచ్చినా ఉత్పత్తే. పొద్దున ఆమె బస్సెక్కి చూస్తే కిటికీ పక్క సీట్లో బొరుగుల మూట, దాన్ని ఆనుకుని తిమోతి సార్.

చివరికి ఆమెకు ఒళ్లు మండింది. "పరీక్షలు దగ్గరపడినాయి. ఒకే పాఠం ఎన్నాళ్లు వండుతారు సార్? మీ నోటి రుచికి పిల్లల చదువు చెడగొడతాండారు. ఇంకోసారి స్టవ్ ముట్టుకుంటే సాయంత్రం క్లాసులు మీకుండవు."

సార్ సరేనని తలూపాడు.

మర్నాడు సాయంత్రం బుద్ధిగా నోటితోనే పాఠం చెప్పాడు. ప్రసన్నకుమారి సంతోషపడేలోపే సగం తరగతి సంచులు తగిలించుకుని గేటు దగ్గర తేలింది. ఆమె రెబెకాను ఆపింది.

"క్లాసు ఇడిచిపెట్టి యాడికే?"

"ఆకలైతాంది మేడం. మధ్యాహ్నం బడిలో తిన్నదే. మాయమ్మ కూలికి పోయి చీకటి పడినాక వస్తాది. అప్పుడే పొయ్యి ఎలిగిచ్చేది."

ప్రసన్నకుమారి నిలువునా అదిరిపడింది. కుర్చీ లేనప్పుడు కూడా ఆమె అంతగా అదరలేదు. నేరుగా తరగతి గదికి వెళ్లి సార్‌ను నిలదీసింది.

"ఈ మాట ముందే చెప్పింటే నేను కాదంటానా సార్?"

"మీరు కాదనరు మేడం, పిల్లోళ్లే కాదంటారు. ఆకలికి పెడతాండానంటే, ఇంట్లో తినొచ్చినాం అంటారు. పాఠమంటే మాత్రం రెండోసారి పెట్టిచ్చుకుంటారు. అందుకే దాన్ని అయిపోనియ్యలేదు."

"మిగతా పాఠాలో?"

"అవన్నీ ఎర్రగడ్డలు ఏగేలోపల చెప్పేసినా."

మర్నాడు సాయంత్రం స్టవ్ మళ్లీ వెలిగింది. ప్రసన్నకుమారే వెలిగించమంది. కాసేపటికి పెద్ద పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. వేడివేడి మిరపకాయ బజ్జీలు.

"బజ్జీ లేకుండా ఉగ్గాని తినేది ఏం పద్ధతి సార్? నేటి నుంచి దిగుమతుల పాఠం కూడా చెప్పండి."

తిమోతి సార్ నవ్వుతూ పొట్లం విప్పాడు. బజ్జీల వాసనకు మౌలా సాహెబ్ తలుపు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మేడం, దీనికీ పాట పాడాల్నా?"

"వద్దు సార్, వద్దు" అంది తరగతి మొత్తం. రెబెకా అప్పటికే ఆయన చేతిలో ప్లేటు పెట్టేసింది.