మల్లయ్య తాత డప్పు ఆగిన చోటు

నిన్న తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "రేపు నల్లా బంద్" అని, అంటే కుళాయి నీళ్లు రావని మెసేజ్ వచ్చింది. చదవగానే నా చెవుల్లో డప్పు మోగింది. మీ ఊళ్లోనూ ఇలాంటి కబుర్లకు చాటింపు వేసేవారా?

మా చిన్న ఊళ్లో పంచాయతీ కబురు ఏదైనా మల్లయ్య తాతే చాటేవాడు. మంట మీద కాచిన డప్పు తోలు వాసన నాకింకా గుర్తే. పాత బురుజు దగ్గర మొదలుపెట్టి, బస్టాండు, అంగడి బజారు, బడి వీధి తిరిగి, వాగు వంతెన దగ్గర ఆపేసేవాడు. ఆయన వెనకాలే తిరిగి నేను ఊరంతా నేర్చుకున్నాను. డప్పు ఆగిన చోట ఊరు అయిపోతుందనే అనుకునేదాన్ని.

కానీ తాత ఇల్లు వంతెనకు అవతలి వాడలో ఉండేది. ఒకరోజు చాటింపు అయ్యాక ఆయన డప్పు చంకన పెట్టుకుని వంతెన ఎక్కుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"తాతా, రేపు నల్లా బంద్ అని మీ వాడల ఎందుకు చాటవు? వాళ్లకు తెల్వద్దా?"

తాత ఆగి నా వైపు చూశాడు.

"మా వాడల నల్లాలే లేవు బిడ్డా. బంద్ అని ఎవలికి చాటాలె?"