చింతగింజల కింది మాటలు

"చదవడం సరిగా రాని ముసలావిడ బొమ్మలు చూసుకుంటూ కాలం గడిపింది. వాటికి పఠన మందిరంలో చోటెందుకు?"

మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పఠన మందిరం కార్యవర్గంలో ఒక పెద్దమనిషి అన్న మాట ఇది. మా మేడమీది అవ్వ పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. ఆమె దాచుకున్న కామిక్స్‌ను మందిరానికి ఇస్తానని ఆమె కోడలు అంటే వచ్చిన జవాబు ఇది. మందిరం వద్దంటే అవి పాతకాగితాల బండికి పోతాయి. కాబట్టి సభ్యులారా, ఈ అభియోగానికి నేను బదులు చెప్పక తప్పదు.

అవ్వకు చదవడం వచ్చు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ వచ్చు. ఫ్యాక్టరీ డ్రాయింగ్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. బొమ్మలు చూసుకుంది అన్నది మాత్రం నిజం. ఎలా చూసిందో వినండి.

కొత్త కామిక్ వచ్చిందంటే బస్సెక్కి చర్చ్ స్ట్రీట్ పుస్తకాల అంగళ్ళ దాకా వెళ్ళి తెచ్చుకునేది. బల్లమీద పరిచి, పాత్రల మాటలున్న ప్రతి బుడగమీదా చింతగింజలు పేర్చేది. మాటలన్నీ మూసుకుపోయాక బొమ్మలను మాత్రమే చూస్తూ పుట చివరికి చేరేది. ఆ తర్వాతే గింజలు తీసి మాటలు చదివేది.

"మాటలు మూసినా కథ నడస్తా ఉండాల. లేకుంటే అది బొమ్మల పుస్తకం కాదు అమ్మణ్ణీ, ఉపన్యాసం" అంటూ నావైపు చూసి నవ్వేది. అప్పట్లో మా కాలేజీలో ఏ డిబేట్ జరిగినా నేనుండేదాన్నని ఆమెకు తెలుసు.

తొంభైల్లో మెరుపు అట్టలతో వచ్చిన కొత్త సంచికలను నేను గట్టిగా సమర్థించేదాన్ని. నాయకుడి కండలు శక్తికి ప్రతీకలని ఒకసారి వాదించబోయాను.

"ఏం శక్తప్పా? గోనెసంచిలో ఉర్లగడ్డలు నింపినట్ల ఉండాడు. కూర్చోవాలంటే వానికి కుర్చీ యాడుండాది?"

"అది అతిశయోక్తి అవ్వా. అలంకారం."

"అలంకారం సరే. మొగం యాడ పెట్టినాడు?"

ఆ వాదనలో ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ నాయకుడి ముఖం మాత్రం నాకు గుర్తులేదు.

కొత్తదంటే ఆమెకు చిరాకనుకోకండి. కంప్యూటర్ రంగులు వచ్చినప్పుడు వాటిని తిట్టిపోసినవాళ్ళను నేను చాలామందిని చూశాను. అవ్వ మాత్రం పుటను వెలుతురుకు పట్టి, "మాపటేళ ఆకాశం ఇప్పుడు సరిగ్గా పడతా ఉండాది" అని మురిసిపోయింది.

ఆమె కోపగించుకున్నది ఒక్క సంచికమీదే. చనిపోయిన నాయకుణ్ణి అందులో బతికించి తెచ్చారు. అభిమానులందరితో పాటు నేనూ సంబరపడ్డాను. అవ్వ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"వాడు పోయినాడని ఏడ్చినాను అమ్మణ్ణీ. నిజంగానే. ఆ ఏడుపును ఇప్పుడేం చేసుకోవాల?"

పాత సంచికల కట్టను దగ్గరికి లాక్కుంటూ మళ్ళీ ఆమే అంది: "పోనిచ్చినప్పుడే గదా, పాత పుటలు మళ్ళా తిప్పి చూస్తాం."

మంగళవారం ఉదయం నేను పైకి వెళ్ళేసరికి కిటికీ పక్కనున్న చిన్న బల్లమీద కొత్త సంచిక తెరిచి ఉంది. చివరి పుట. వానలో ఒక స్త్రీ మూసిన తలుపు ముందు నిలబడి ఉంది. ఎత్తిన చేయి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమె ఏదో అంటోంది. ఆ మాటలమీద చింతగింజలు అలాగే ఉన్నాయి. కోడలు వాటిని కదపలేదు. నేనూ కదపలేదు.

సభ్యులారా, నేను అడుగుతున్నది అల్మారాలో ఒక్క అర. ఆదివారం సమావేశానికి ఆ బల్లను, దానిమీది పుస్తకంతో సహా, గింజ జారకుండా మోసుకొస్తాను. వద్దని చెయ్యెత్తే ముందు, ఆ పెద్దమనిషితో సహా మీరందరూ వచ్చి ఆ పుట ముందు నిలబడండి. బొమ్మలోని ఆ స్త్రీ తలుపు తడుతుందా, వెనుదిరుగుతుందా చెప్పండి. చెప్పిన తర్వాతే గింజలు తీయండి.