మాస్టారితో నల్లమల

కొత్తపేటలో మేము అద్దెకున్న ఇంటి యజమాని, మాస్టారు, పోయారని ఆయన కోడలు ఫోన్ చేసేసరికి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులో ఉన్నాను. "అన్నా, మా మామ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడు, అట్లనే ఒరిగిండు" అంది. సరేనమ్మా అన్నాను. బోర్డు మీద సగంలో ఆగిన లెక్క పూర్తి చేసి, తర్వాతిది మొదలుపెట్టాను. అదీ అయ్యాకే బయటికొచ్చాను. ఏడుపు ఇప్పటికీ రాలేదు.

ఆయన ఇంటి పై వాటాలో పదకొండేళ్లున్నాం. మాది తెనాలి దగ్గర పల్లె, ఆయనది నల్గొండ జిల్లా. సర్కారు బడిలో వ్యాయామం నేర్పి రిటైరయ్యారు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం, వీధిలో వచ్చేవాళ్లందరినీ వ్యానులో నల్లమలకు తీసుకెళ్లి అడవిలో నడిపించేవారు. ముందురోజే ఇంటింటికీ వచ్చి బూట్లున్నాయో లేదో చూసేవారు. అడవిలో ఎవరైనా గబగబా నడిస్తే, "తొందరేముంది, అడవి ఎటు పోదు" అనేవారు. మేం పారేసిన చాక్లెట్ కాగితాలు ఏరి తన జేబులోనే కుక్కుకునేవారు.

తెలంగాణ ఉద్యమం ముదిరిన ఏడాది ఆయన రోజూ పొద్దున ఎల్బీనగర్‌లో దీక్షా శిబిరంలో కూర్చునేవారు. మెట్ల మీద ఎదురైతే నేను తల దించుకుని దాటిపోయేవాణ్ని. ఆయన ఏమీ అనేవారు కాదు. అదే నాకు భయంగా ఉండేది. మా ఆవిడ సగం సామాను అట్టపెట్టెల్లో సర్దేసింది. ఆ చలికాలం ఆయన పైకొచ్చి, "ఆదివారం పోతున్నం. చెల్లెను, పాపను తీస్కొని రా తమ్మీ" అన్నారు. గుమ్మంలోంచే పెట్టెలు చూశారు. మెట్లు దిగి వెళ్లిపోయారు.

అడవిలో లోయలోకి దిగుతుంటే నాకు కాలు బెణికింది. మిగతావాళ్లను ముందుకు పంపి మాస్టారు నా దగ్గరే ఉండిపోయారు. తన తువ్వాలు చింపి కట్టు కడుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"రాష్ట్రం వస్తే మమ్మల్ని ఖాళీ చేయమంటారా మాస్టారూ?"

ఆయన కట్టు ముడి బిగించి తలెత్తారు.

"ఇల్లు నాది. పొమ్మంటే నేననాలె. అన్ననా?"

"లేదు."

"తెలంగాణ నాకు కావాలె. దానికోసం రేపు గూడ కూసుంట. నీ బిడ్డ పైన ఉరుకుతాంటే ఆ చప్పుడు కింద ఇనవడాలె. రెండూ కావాలె నాకు. తప్పా?"

ఇంటికొచ్చాక ఆ మాట చెబితే మా ఆవిడ పెట్టెలు విప్పింది. తర్వాత రాష్ట్రం వచ్చింది. వీధంతా టపాకాయలు కాల్చిన రోజు, మాస్టారు మొదటి మిఠాయి ముక్క మా పాప చేతిలో పెట్టారు. నేనూ తిన్నాను. సంతోషించానో లేదో నాకే తెలియలేదు. ఆ ఇంట్లో మరో ఐదేళ్లున్నాం.

నిన్న వాకిట్లో పడుకోబెట్టిన ఆయన్ను చూస్తే ఇంకెవరినో చూసినట్టుంది. కళ్ల ముందు నిలుస్తున్నది అడవిలో ఆ సాయంత్రమే. ఆయన భుజం పట్టుకుని కుంటుతూ పైకొస్తుంటే, చుక్కల దుప్పుల మంద బాటకు అడ్డం వచ్చింది. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. ఒక్కొక్కటే నింపాదిగా దాటాయి. అన్నిటికంటే వెనక వచ్చిన పిల్ల మాత్రం మావైపు చూస్తూ నిలబడిపోయింది. అది కదిలి పొదల్లోకి వెళ్లేదాకా ఆయన చెయ్యి దించలేదు.