కొమ్మ ఈడ్చిన గీత

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నేను అక్కడి నుంచి లేచి పోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. మిర్యాలగూడలో నా సైకిల్ షాపు శ్మశానానికి పోయే దారి మీదే ఉండేది. పాడెలు నా ముందు నుంచే పోయేవి. నేను తల ఎత్తకుండా పంక్చర్లు వేసుకునేవాణ్ణి. ఇప్పుడైనా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాలని రాస్తున్నాను. ఇందులో వింత తక్కువ, నా తప్పులు ఎక్కువ.

తొంభైల మొదట్లో సంగతి. ఒక వారపత్రికలో విదేశీ కుర్రాళ్లు సైకిళ్ల మీద కొండ దిగుతున్న బొమ్మ చూశాను. అది నన్ను వదల్లేదు. గేర్ల సైకిళ్లు మా దిక్కు ఇంకా సరిగా రాలేదు. పాత సైకిళ్లకే మడ్‌గార్డులు, చైన్‌కవర్లు పీకేసి, బొడిపెలున్న లావు టైర్లు ఎక్కించి, నీళ్ల పైపు కోసి నిటారు హ్యాండిల్ చేశాను. ఆదివారం పూట వాటిని బస్సు టాపు మీద వేసుకుని సాగర్ అవతల దిగేవాళ్లం. గుట్ట పైదాకా తోసుకుంటూ ఎక్కి, పై నుంచి కిందికి వదిలేసేవాళ్లం.

ఆ గుట్టలు పులుల కోసం కాపాడుతున్న అడవిలోవి. అనుమతి లేకుండా లోపలికి రాకూడదని బోర్డు ఉండేది. మేం చెక్‌పోస్టు తప్పించుకుని, గుట్ట కింది తండా వాళ్లు ఎండుకట్టెలు తెచ్చుకునే దారిలో దూరేవాళ్లం. రెండు సైకిళ్లతో అడవికేం నష్టం అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆ తండా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. కట్టెల బరువుతో గుట్ట దిగేటప్పుడు సైకిల్ బ్రేకులు పట్టవు. రబ్బరు వేడెక్కి జారిపోతుంది. అందుకని వాళ్లు ఆకులున్న పచ్చి కొమ్మ నరికి, సీటు కింద తాడుతో కట్టి, వెనకాల నేల మీద ఈడ్చుకుంటూ దిగేవారు. కొమ్మ వెనక్కి లాగుతుంటే సైకిల్ బుద్ధిగా దిగుతుంది. ఒక్కటే చిక్కు. దుమ్ములో చీపురుతో ఊడ్చినట్టు వెడల్పాటి గీత పడుతుంది. ఫారెస్టు వాచర్లు ఆ గీత పట్టుకునే కట్టెల వాళ్లను పట్టుకునేవారు.

నాతో వచ్చేది సైదులు, నా భార్య పద్మ తమ్ముడు. అత్తగారిది కోదాడ. ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్క కొడుకు. సూర్యాపేటలో టైర్ల షాపులో పని చేస్తూ, శనివారం సాయంత్రానికి మా ఇంటికి వచ్చేవాడు. నాకంటే బాగా దిగేవాడు. తొందరపడడు, ఎక్కడ ఆగాలో వాడికి తెలుసు. షాపు దగ్గర చేరే కుర్రాళ్లు గుట్ట కబుర్లు నన్ను అడగడం మానేసి వాణ్ణి అడగడం మొదలుపెట్టారు. అది నాకు లోపల గుచ్చుకుంది.

ఆ ఆదివారం కొత్త దారి చూశాం. ఇంకా నిటారుగా ఉంది. సైదులు కిందికి చూసి, పోయి కొమ్మ నరుక్కొచ్చి కట్టుకున్నాడు.

"ఏందిరా, గుట్ట దున్నబోతున్నవా?" అన్నాను.

"నవ్వుకో బావా. నాకు పాణం మీద తీపి ఉన్నది," అన్నాడు నవ్వుతూనే.

గీత పడితే వాచర్లు వెంటబడతారని, సైకిళ్లు పోతాయని అన్నాను. వాడి చేతిలోని కత్తి తీసుకుని తాడు కోసి, కొమ్మను పొదలోకి విసిరేశాను. వాచర్ల భయం సాకు. వాడు భయపడుతుంటే చూడాలనిపించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా దానికి వేరే పేరు పెట్టలేను.

వాడు తన సైకిల్ పట్టుకున్నాడు. బావ మాట కాదనే పిల్లవాడు కాదు.

నేను ముందు దిగాను. దారి పొడుగునా రాళ్లు, మధ్యలో ఒకచోట మాత్రం మెత్తటి దుమ్ము. రెండుసార్లు పడబోయి తప్పించుకున్నాను. కింద వాగు దగ్గర ఆగి చూశాను. సైదులు రాలేదు. ఏడిపిస్తున్నాడనుకుని బీడీ ముట్టించాను. అయినా రాలేదు. సైకిల్ అక్కడే పడేసి, పిలుస్తూ పైదాకా ఎక్కాను. పైన కూడా లేడు. మళ్లీ పొదలు వెతుక్కుంటూ దిగాను. రాళ్ల మీద టైరు గుర్తు పడదు. దుమ్మున్న చోట నా టైరు గుర్తు, నా చెప్పుల గుర్తులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. కనిపించలేదని అప్పుడు అనుకున్నాను.

ఆ వేళకే చెక్‌పోస్టుకు పరుగెత్తాల్సింది. అక్కడ జీపు ఉంటుంది, మనుషులుంటారు, అడవి తెలిసినవాళ్లు. నేను వాగు ఒడ్డున కూర్చున్నాను. కేసు అవుతుంది, సైకిళ్లు గుంజుకుంటారు, షాపు పరువు పోతుంది, అత్తగారికి తెలుస్తుంది అని లెక్కలు వేసుకున్నాను. వాడే వస్తాడులే అనుకున్నాను. ఎండ చెట్ల మీది నుంచి జారేదాకా అట్లాగే కూర్చున్నాను.

పొద్దు వాలాక అడవిలో చప్పుళ్లు మారాయి. అప్పుడు భయమేసింది. వాడు ఎక్కడో కదలలేకుండా పడి ఉంటే చీకట్లో వాడి గతి ఏమిటన్న ఆలోచన నన్ను లేపింది. ఏడుస్తూ, చెక్‌పోస్టుకు అడ్డదారి అని మళ్లీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను.

దుమ్మున్న చోటికి రాగానే కాళ్లు ఆగిపోయాయి. దారికి అడ్డంగా వెడల్పాటి గీత ఉంది. ఆకులు ఊడ్చిన గుర్తు, నడుమ పుల్లలు గీరిన సన్నటి చారలు. తండా మనిషి ఎవరో కొమ్మ ఈడ్చుకుంటూ పోతున్నాడనుకున్నాను. అంతకంటే అదృష్టం లేదు. గీత దారి వదిలి ఎడమ పక్క చెట్లలోకి పోయింది. అన్నా, అన్నా అని అరుస్తూ వెంటబడ్డాను.

ముందు నుంచి చప్పుడు వినిపించింది. ఎండుటాకుల మీద పచ్చి కొమ్మ ఈడుస్తుంటే వచ్చే చప్పుడు. అది పొరపడేది కాదు. నేను ఎంత ఉరికినా అది అంతే దూరంలో, మలుపు అవతలే ఉంది. మనిషి కనిపించలేదు, జవాబు రాలేదు. అటు దిక్కు సైకిల్ పోయే సందు లేదన్న సంగతి అప్పుడు నాకు తోచలేదు.

చెట్లు అయిపోయి ఒక లోయ అంచు వచ్చింది. గీత అక్కడ ఆగిపోయింది. చప్పుడు కూడా ఆగిపోయింది. కిందికి చూశాను. రాళ్ల మధ్య సైదులు పడి ఉన్నాడు. సైకిల్ వాడి కాలి మీద ఉంది. పై మలుపులో బ్రేకు పట్టక దారి తప్పి లోయలోకి జారిపోయాడని తర్వాత చెప్పాడు.

ఎట్లా దిగానో గుర్తు లేదు. వాడికి స్పృహ ఉంది. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి వాడన్న మొదటి మాట ఇది.

"నువ్వు గూడ కొమ్మ కట్టుకున్నవా బావా?"

వాణ్ణి వీపున వేసుకుని దారి మీదికి వచ్చేసరికి నా అరుపులు విని ఇద్దరు వాచర్లు ఎదురొచ్చారు. వాళ్లు ఒక్క మాట కూడా తిట్టకుండా జీపులో మిర్యాలగూడ దవాఖానకు చేర్చారు. అక్కడి నుంచి హైదరాబాద్ పంపించారు. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. రక్తం ఆడక చాలాసేపయిందని, మధ్యాహ్నమే తెస్తే చూసేవాళ్లమని డాక్టరు మామూలుగా చెప్పాడు. పక్కనే పద్మ ఉంది. ఎందుకు ఆలస్యమైందని నన్ను అడిగింది. దొరకలేదు అన్నాను. వాగు ఒడ్డున కూర్చున్న సంగతి చెప్పలేదు.

కొన్నాళ్లకు, అడవిలో దూరినందుకు పెట్టిన కేసు పని మీద వాచర్లు నన్ను ఆ చోటికి తీసుకుపోయారు. మధ్యలో వాన లేదు. నా చెప్పుల గుర్తులు దుమ్ములో ఇంకా ఉన్నాయి. గీత లేదు. నేను విసిరిన కొమ్మ పైన పొదలోనే వాడిపోయి ఉంది, కోసిన తాడు ముక్కతో సహా.

తండాలో అడిగాను. ఆ రోజు వాళ్లలో ఒక ముసలాయన చనిపోయాడట, ఎవరూ గుట్ట ఎక్కలేదన్నారు. ఒక పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ లోయ దిక్కు కొమ్మ గట్టుకొని ఎవడు వోతడు? సావనీకా?" అన్నాడు.

వాచర్లలో ఒకాయన, కంగారులో మనిషికి ఏవేవో కనిపిస్తాయన్నాడు. నేనూ అదే అనుకుందామని చూశాను. కానీ ఆ గీత లేకపోతే ఆ లోయ దగ్గరికి నేను పోయేవాణ్ణే కాదు. పైగా సైదులు కూడా ఆ చప్పుడు విన్నాడు, కొమ్మ కట్టుకున్నవా అని అడిగింది అందుకే; వాడు విన్నదానికి నా కంగారుతో పని లేదు.

ఆ సంగతి వాణ్ణి అడగడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వాడు కోదాడలో తల్లి దగ్గరే ఉండి కుట్టుమిషన్ నేర్చుకున్నాడు. ఒక పగలు మిషన్ ముందు కూర్చుని, ఒంటికాలితో తొక్కుతూ పని చేసుకుంటున్నాడు. అత్తగారు ఇంట్లో లేరు. కొమ్మ ఎందుకు కోశానో, వాగు దగ్గర ఎంతసేపు కూర్చున్నానో అంతా చెప్పాను. వాడు మిషన్ ఆపలేదు. చివరికి, ఆ చప్పుడు నేను వచ్చే ముందు ఎంతసేపు వినబడిందిరా అని అడిగాను.

అప్పుడు ఆపాడు.

"నువ్వొచ్చినప్పుడు కాదు బావా. నేను పడ్డ కాడి నుంచి అయితనే ఉన్నది. దారి దాక వోతది, మల్ల నా నెత్తి మీదికొస్తది. మల్ల వోతది. నిన్ను పిలుస్తున్నదేమో అనుకున్న."

మళ్లీ గుడ్డ సరిచేసుకుని కుట్టడం మొదలుపెట్టాడు.

అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. దానికంటే తెలియనిది ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం ఆ దుమ్ము మీద నడిచినప్పుడు గీత లేదని ఇంతకాలం అందరికీ చెప్పాను. నిజంగా లేదా, ఉండి కూడా నేను చూడలేదా? ఎంత గుర్తు చేసుకున్నా ఆ నేల నాకు కనిపించదు. అప్పుడు నా కళ్లు సైకిల్ ఎవరైనా చూస్తారేమోనని వాగు వైపే ఉన్నాయి. అది మాత్రం బాగా గుర్తుంది.