రాయికి నాలుక పెట్టనన్నాను

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నేను చదివిన జియాలజీ మాస్టర్స్‌లో ఒక ఆచారం ఉంది. రాయిని సుత్తితో పగలగొట్టి, విరిగిన వైపు నాలుకతో తడిచేసి, అప్పుడు లెన్సులో చూస్తారు. తడిస్తేనే లోపలి ఖనిజాల గింజలు కనబడతాయి. అరవై దాటిన మా లెక్చరర్ మాట్లాడుతూనే ఒక ముక్కను నాకి, దాన్నే నా ముందుకు చాపింది. ఎంగిలి రాయి! చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ పొగరనుకుంది. కొంత పొగరే.

ఫీల్డ్‌వర్క్ డెర్బీషైర్ కొండల్లో. అక్కడ సున్నపురాళ్ల మధ్య కోట్ల ఏళ్ల కిందట చల్లారిన అగ్నిపర్వతం ఉంది. లావా తన్నుకొచ్చిన గొంతును వెంట్ అంటారు. అదెక్కడుందో కనిపెట్టి మ్యాప్ మీద గీయాలి. తప్పితే ప్రాజెక్టు పోతుంది, దాంతో డిగ్రీ పోతుంది. అందరూ కొండ మీది బోడి దిబ్బ చుట్టూ గీశారు. లెక్చరర్ పాత మ్యాప్‌లోనూ అక్కడే ఉంది.

నేను మాత్రం నీళ్ల బాటిళ్లు మోసుకుని తిరిగాను. తాడిపత్రిలో మా నాన్నకు బండల షాపు. పగుళ్లు పట్టుకోవాలంటే బండ మీద చెంబెడు నీళ్లు కొట్టి, ఆరేదాకా చూస్తాడు. నేనూ అదే చేస్తుంటే నా జోడీ, వరంగల్ అమ్మాయి, నవ్వింది.

"నీళ్లు తాగనీకి తెచ్చినవా, బండలు కడగనీకి తెచ్చినవా?"

"రాయి నాకాలంటే నాతో కాదబ్బా," అన్నాను.

మూడో రోజు దిబ్బకు దిగువన, గొర్రెలు పడుకునే పల్లంలో ఒక రాతి అంచు మీద బాటిల్ మొత్తం గుమ్మరించాను. గాలికి సగం ఇట్టే ఆరిపోయింది. మిగతా సగం నల్లగా తడిగానే ఉంది. రెంటి మధ్య నిటారుగా ఒక గీత. ఆరింది గట్టి సున్నపురాయి. ఆరనిది పేలుడు బూడిద గొంతులోనే గడ్డకట్టిన రాయి. పిడికిలంతేసి సున్నపు పెళ్లలు అందులో ఇరుక్కుని ఉన్నాయి. ఆ అమ్మాయి నవ్వడం మాని తన బాటిల్ ఇచ్చింది. వాగులో నింపుకుంటూ, రాయి కనబడ్డచోటల్లా పోస్తూ పల్లం చుట్టూ తిరిగాం. గీత గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చింది. వెంట్ ఈ పల్లమే. పైనున్న దిబ్బ, దీన్నుంచి పక్కకు పారిన లావా, అంతే.

గీయడానికి భయమేసింది. మిగతా జోడీలన్నీ ఒకచోట, మా జోడీ తరఫున గీసే నేనొక్కదాన్నే ఇంకోచోట. అయినా సిరాతోనే గీశాను.

మర్నాడు లెక్చరర్ చూడ్డానికి వచ్చింది. మళ్లీ నీళ్లు పోశాను. ఆవిడ ఆ రాయి సగం ఆరి గీత తేలేదాకా కదలకుండా నిలబడింది. ఏటా పిల్లల్ని దిబ్బ దగ్గరికే తీసుకెళ్లానని, ఈ పల్లంలో కూర్చుని శాండ్‌విచ్ తినేదాన్నని చెప్పింది. తర్వాత తన పాత మ్యాప్ తెరిచి, నా పెన్ను అడిగి తీసుకుని, దిబ్బ మీది గుర్తును కొట్టేసింది. పెన్ను తిరిగి నా చేతికిచ్చింది.

"కొత్తది నువ్వే గియ్యి," అంది.

అంత గర్వం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. గాలికి మ్యాప్ కదిలి గీత వంకరపోయింది. దిద్దబోతే ఆవిడ వద్దని, సిరా ఆరేదాకా మ్యాప్‌ను గాలికి పట్టుకుని నిలబడింది.