బాగైతే కూడా రండి

మధ్యాహ్నం గుండెను తెర మీద చూసే ఎకో గది తలుపు తెరుచుకోగానే ముందు వాసన వచ్చింది, ఆ తరువాత బిడ్డ వచ్చాడు. అప్పుడే గుండు కొట్టించి పూసిన చందనం, ఇంకా ఆరలేదు. తిరుపతిలో పిల్లల గుండె డాక్టరుగా ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. కొండ మీద తలనీలాలిచ్చి, కిందికొచ్చి బస్సు దిగి, అదే ఊపులో ఆస్పత్రికి వచ్చేస్తారు. దేవుడికి చెప్పుకున్నాం, డాక్టరు చెవిన కూడా ఒక మాట వేస్తే పనైపోతుందన్నట్టు. పొద్దుటి నుంచి తెర వైపు చూసి చూసి కళ్ళు మండుతున్నాయి. అయినా ఆ వాసన తగిలితే చాలు, నాకు ఈ పని నేర్పిన పెద్ద డాక్టరు వకుళ మేడం గుర్తుకొస్తారు. గుర్తుకొచ్చినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

పుత్తూరు నుంచి వచ్చి నేను ఆమె దగ్గర పనిలో చేరేనాటికే ఆమె బాగా అలసిపోయిన మనిషి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకునేవారు. నోరు మాత్రం అలసిపోలేదు. మామూలుగా నన్ను ‘పాపా’ అనేవారు, పని చెడగొడితే ‘డాక్టరుగారూ’ అనేవారు. ఆ గౌరవం వినబడితే నాకు చెమటలు పట్టేవి. ఏ బిడ్డకైనా స్టెతస్కోపు పెట్టేముందు ఆమె అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక ఒక చెయ్యి బిడ్డ ఎద మీద ఆనించేవారు. గుండె కింది భాగంలో రెండు గదులు, వాటి మధ్య ఒక గోడ. ఆ గోడకు పుట్టుకతోనే రంధ్రం ఉంటే, అందులోంచి రక్తం దూసుకుపోతున్నప్పుడు ఒక్కోసారి చేతికే గరగరమని తెలుస్తుంది.

“శబ్దం ఎక్కువుంటే జబ్బు ఎక్కువని భయపడతారు పాపా జనం. సన్న సందులోనే గాలి ఈల ఏస్తాది. తలుపు బార్లా తీసి పెట్టు, గమ్మునుంటాది,” అన్నారొకసారి. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి. ఆమె భయమంతా గమ్మునుండేవాటితోనే.

పలమనేరు వైపు పల్లె నుంచి చెంగమ్మ తన నెలల బిడ్డ పద్మను ఎత్తుకొచ్చింది ఆ రోజుల్లోనే. పాలు నాలుగు గుక్కలు తాగేసరికి ఆ బిడ్డ నుదుటి మీద చెమట, రొప్పు, ఆకలి తీరకుండానే నిద్ర. పెద్ద రంధ్రమే, అయినా గరగర ఇంకా ఉంది; మేడం చెంగమ్మ చెయ్యి అక్కడ పెట్టించి చూపించారు. మేడం మందులు రాసి, “రవ్వంత ఒళ్ళు రానీమ్మా, ఆపరేషన్ సంగతి సూద్దాం. ఈలోపల ఆయాసం ఎక్కువైతే మాత్రం ఆ నిమిషమే బస్సెక్కు,” అన్నారు. అందరు డాక్టర్లూ చెప్పే మాటే. చెంగమ్మ దాన్ని మంత్రంలా రెండుసార్లు అప్పజెప్పి మరీ వెళ్ళింది.

మేము మళ్ళీ చెంగమ్మ ముఖం చూసింది పద్మ బడికి పోయే వయసుకొచ్చాకే. తల్లి, తండ్రి, బిడ్డ, ముగ్గురికీ నున్నటి గుండ్లు, ముగ్గురి దగ్గరా చందనం వాసన. “మొక్కు తీర్చుకోనొచ్చినాము మేడం. బిడ్డకు నయమైపోయింది. ఆయాసం లేదు, సెమట లేదు. ఆ గరగర గూడా లేదు, నేనే రోజూ చెయ్యి పెట్టి సూస్తాండాను,” అంది చెంగమ్మ. పద్మ లడ్డు ముక్క తీసి మేడం చేతిలో పెట్టింది. మేడం తిన్నారు. తరువాత చెయ్యి కడుక్కుని, వెచ్చచేసుకుని, బిడ్డ ఎద మీద పెట్టి, గరగర ఎక్కడైనా తగులుతుందేమోనని వెతికారు. బిడ్డ గోళ్ళు వెలుతురుకు పెట్టి చూశారు. నీలి ఛాయ.

పరీక్షలన్నీ చేశాం. అన్నీ ఒకే మాట చెప్పాయి. ఏళ్ళ తరబడి ఆ రంధ్రంలోంచి రక్తం ఎక్కువగా పోయి ఊపిరితిత్తుల నాళాలు మందమైపోయాయి, ఒత్తిడి పెరిగి రెండు గదులకూ సమానమైంది. రక్తం ఇక దూసుకుపోవడం లేదు, అందుకే శబ్దం లేదు, అందుకే ఆయాసం తగ్గింది. బాగుపడినట్టు కనిపించిందే జబ్బు ముదరడం. ఇప్పుడు రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు. మేడం వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ఇదంతా దాచకుండా చెప్పారు.

తండ్రి భార్య మీదికి లేచాడు. “ఒకసారి సూపించుకోనొద్దామంటే ఇన్నావా నువ్వు?”

“ఆమెను అనొద్దప్పా,” అన్నారు మేడం.

చెంగమ్మ ఏడవలేదు. మేడం ముఖంలోకి చూసి, “ఆయాసం ఎక్కువైతే రమ్మన్నారు గదా మేడం. ఎక్కువ కాలేదు, తగ్గింది. అందుకే రాలేదు,” అంది.

 

వాళ్ళు వెళ్ళాక మేడం ఆ బెంచీ మీద నుంచి లేవలేదు. నేను టీ తెచ్చిస్తే పట్టుకుని కూర్చున్నారు. “నేను చెప్పింది చెప్పినట్టే చేసినారు పాపా వాళ్ళు. సగమే చెప్పింది నేను,” అన్నారు. ఆ మరుసటి రోజు నుంచి ప్రతి తల్లికీ, లోపలికి వచ్చిన ప్రతిసారీ, ఒకటే పాట. “బాగలేకపోతే రండి. బాగైతే కూడా రండి. బాగైందనుకున్న రోజే ముందు రండి.” కొందరు తల్లులు నవ్వేవాళ్ళు. బాగైతే ఆస్పత్రికెందుకని ఎదురడిగేవాళ్ళు. ఆమె విసుక్కుంటూనే మొదటి నుంచి మళ్ళీ చెప్పేవారు. గొంతు పోయిన రోజుల్లో నా చేత చెప్పించేవారు.

మేడం పోయి కొన్నేళ్ళయింది. నిజం చెప్పొద్దూ, బయట వరండా నిండా జనం ఉన్నప్పుడు ఆ వాక్యాలు మింగేద్దామనిపిస్తుంది. వినీ వినకుండా తలూపేవాళ్ళను చూస్తే నీరసం వస్తుంది. ఈ మధ్యాహ్నం ఆ చందనం గుండు బిడ్డ తల్లికి కూడా చెప్పాను. ఆమె నవ్వింది. ఇంకోసారి చెప్పాను.

ఆమె వెళ్ళాక చివరగా పద్మ లోపలికి వచ్చింది. పెద్దదైపోయింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టుంటాయి, నాలుగడుగులకొకసారి ఆగుతుంది. నేను రమ్మన్న నెల ఇది కాదు. గబగబా లేచి ఆమెకు కుర్చీ జరిపాను.

“ఏమైంది పద్మా?”

“ఏమీ కాలేదు మేడం. ఈ వారమంతా బాగుండాను,” అంది ఊపిరి తీసుకుని. “అందుకే వచ్చినాను.”

అరచేతులు రుద్దుకుని, వెచ్చబడే దాకా ఆగి, ఆమె ఎద మీద చెయ్యి పెట్టాను. గుండె కొట్టుకోవడం బలంగానే తగిలింది. ఆ గరగర మాత్రం లేదు.