పై ఫ్లాటు మోటారు

ఈ రోజు పొద్దున నార్సింగిలోని మా ఫ్లాటులో నాలుగేళ్ల పాపకి తలస్నానం చేయిస్తున్నాను. తల నిండా షాంపూ. ఉన్నట్టుండి షవర్ ధార సన్నబడిపోయింది. మాది ఇన్‌స్టంట్ గీజర్, ధార తగ్గేకొద్దీ నీళ్లు మరిగిపోతాయి. నా చెయ్యి చురుక్కుమంది. పాపని ఒక్క ఉదుటున పక్కకి లాగేశాను. అదృష్టం, దానికేమీ కాలేదు.

పైనుంచి మోటారు రొద వినబడుతోంది. పాపకి తువ్వాలు చుట్టి, చంకనేసుకుని మెట్లెక్కాను. పై ఫ్లాటు అంకుల్ తలుపు తీశారు.

"ట్యాంకు మా నెత్తిమీదనే ఉన్నదమ్మా, ప్రెషర్ ఏడికెల్లి వస్తది? అందుకే లైనుకు మోటరు పెట్టించిన."

"మోటారు నీళ్లని పుట్టించదు కదండీ! మనిద్దరికీ దిగే పైపు ఒక్కటే, అదీ సన్నది. మీరు లాగేస్తే మాకు గాలే మిగులుతోంది. పాప ఒళ్లు కాలిపోయేది, తెలుసా?"

ఆయన మొహం చిన్నబోయింది. వెంటనే మోటారు ఆపేశారు. కానీ తలుపు వేస్తూ, "పరేషాన్ ఎందుకమ్మా, మీరు గూడ ఒకటి పెట్టించుకోండ్రి" అన్నారు.

కిందికొచ్చి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా రాశాను. లావు పైపు వేయించేదాకా ఎవరూ మోటార్లు పెట్టొద్దని బతిమాలాను. మొదటి జవాబు వెంటనే వచ్చింది: "అంకుల్, ఏ కంపెనీ మోటారండీ? బాగా లాగుతోందా?"

అడిగింది మా ఆయన, ఆఫీసు నుంచి.

రేపటి నుంచి పాప స్నానం ఆయన డ్యూటీ. తప్పంటారా?